వాక్యంలో లేని కూతురు

పాఠం పుస్తకం లోపల కథల పుస్తకం దాచుకుని చదివే పిల్లల్ని పట్టుకోవడంలో ఆ మిషన్ స్కూల్లో టీచరమ్మను మించినవాళ్ళు లేరు. బల్లల మధ్య నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగేది. పిల్ల కళ్ళు పేజీ మీద పరిగెడుతున్నాయంటే అది సాంఘికశాస్త్రం కాదని ఆవిడకి తెలుసు. సాంఘికశాస్త్రం చదివేటప్పుడు ఎవరి కళ్ళూ అలా పరిగెత్తవు. పుస్తకం లాక్కుని, నెత్తిన ఒక మొట్టికాయ వేసి, స్టాఫ్ రూంలో మధ్యాహ్నం డబ్బా విప్పకముందే సగం చదివేసేది. బడి వదిలాక ఆ పిల్లని పిలిచి, "ఏడవకు, చివర్లో దొంగ దొరుకుతాడులే" అని చెప్పి మరీ తిరిగిచ్చేది.

అలాంటి మనిషి ఇక రిటైరవుతుందనగా, తన ఇంట్లో, బైబిలు మధ్యలో నవల పెట్టుకుని దొంగచదువు మొదలెట్టింది. వింటే నవ్వొస్తుంది. మొదలవడం నవ్వుతూనే మొదలైంది కూడా.

దానికి కారణం అత్తగారు. ఆవిడ గురించి ఒక మంచిమాట చెబుదామని ఎంత ప్రయత్నించినా నాకు నోరు రావడం లేదు. అక్షరమ్ముక్క రాదు గానీ బైబిలు వాక్యమంతా చెవులతోనే పట్టేసిన మనిషి. చర్చిలో ముందు వరసలో కూర్చుని, పాస్టరుగారు ఒక మాట మింగేస్తే వినపడేలా దగ్గేది. భక్తి ఉంది, కాదనను. కాకపోతే అది ఎదుటివాళ్ళ మీద పడి కరిచే రకం భక్తి. టీచరమ్మ కొత్త కోడలిగా ట్రంకుపెట్టె నిండా నవలలు తెచ్చుకుంటే, కోడలు స్కూలుకెళ్ళిన సమయం చూసి అత్తగారు అన్నిటినీ నీళ్ళ పొయ్యిలో పెట్టింది. కోడలు ఇంటికొచ్చేసరికి ఈవిడ శుభ్రంగా స్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటోంది.

"ఇవాళ నీళ్ళెంత బాగా కాగాయో! నీ చదువు ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చిందే," అంది.

టీచరమ్మ మొగుడు "పోనీలే, మా అమ్మ సంగతి తెలుసుగా" అన్నాడు. ఆ మహానుభావుడు బతికినన్నాళ్ళూ అన్నది ఆ ఒక్కమాటే. దాంతోనే పోయాడు కూడా, పిల్లాజెల్లా లేకుండా, ఆ ఇంట్లో ఈ ఇద్దరినీ ఒకరికొకర్ని వదిలేసి.

ఆయనకో చెల్లెలు. ఇంట్లో అందరూ బుల్లి అనేవాళ్ళు. బుల్లి చర్చి సంఘంలో లేని ఒక బస్సు డ్రైవర్ని చేసుకుంది. అత్తగారు ఏడవలేదు, అరవలేదు. తిన్నగా చర్చికెళ్ళి, సంఘం పుస్తకంలోంచి కన్నకూతురి పేరు కొట్టించి వచ్చి, అన్నం తింది. తొలిచూలు బిడ్డని ఎత్తుకుని బుల్లి గుమ్మం దాకా వస్తే తలుపు తియ్యలేదు. ఏళ్ళు గడిచాక డ్రైవరు పోయాడని కబురొస్తే, "ఎవరూ? మనకి తెలిసినవాళ్ళా?" అని అడిగింది. టీచరమ్మ మాత్రం చాటుగా బుల్లికి ఫోన్ చేస్తూ ఉండేది. ఏం మాట్లాడుకున్నా బుల్లి చివర్లో అడిగేది ఒకటే: "అమ్మ ఎప్పుడన్నా నా ఊసెత్తిందా వదినా?" ఎత్తలేదని చెప్పడానికి నోరు రాక టీచరమ్మ స్కూలు సంగతులు చెప్పేది.

సరే, ముసలావిడ బాత్‌రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మంచానికి అతుక్కుపోయింది గానీ గొంతుకి ఏమీ కాలేదు. టీచరమ్మ పొద్దున్నే మంచంలోనే అన్నీ ఎత్తిపోసి, ఒళ్ళు తుడిచి, వండి, స్కూలుకి పరిగెత్తి, సాయంత్రం కట్టలకొద్దీ పరీక్ష పేపర్లతో తిరిగొస్తే, చెప్పులు విప్పేలోగా లోపల్నించి పిలుపు.

"టీచరమ్మా! వాక్యం చదువుతావా, లేక ఆ పిల్లకాయల చెత్తే దిద్దుకుంటావా?"

ప్రతి సాయంత్రం దీపాలు పెట్టిన దగ్గర్నుంచి భోజనాల దాకా చదవాలి. అదీ ఆవిడ అడిగినవే చదవాలి. ఆవిడకి ఇష్టమైనవి చెడ్డవాళ్ళు చచ్చే చోట్లు. ఊళ్ళు తగలబడేవి, రాజులు కుక్కచావు చచ్చేవి వింటే ముఖం కళకళలాడేది. ప్రేమ గురించి వచ్చిందంటే "అది మొన్న విన్నాంగా" అనేది.

టీచరమ్మ విశ్వాసం లేని మనిషి కాదు, అది ముందే చెప్పాలి. మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకోకుండా పొద్దున టీ కూడా ముట్టదు. దేవుడు మనుషులకి చెప్పాల్సింది చెప్పడానికి పుస్తకమే కదా ఎంచుకున్నాడు, ఆయనకి పుస్తకాలంటే ఇష్టం లేకుండా ఎలా ఉంటుంది అనేది ఆవిడ వాదన. ఎవరితోనూ వాదించలేదనుకోండి. ఇంట్లో వాదించడానికి ఎవరున్నారు? కానీ పుస్తకం పట్టుకోడానికి రోజులో ఒక్క ఘడియ మిగలకపోయేసరికి ఆవిడకి ఊపిరాడలేదు. లైబ్రరీ నుంచి తెచ్చిన నవల సంచిలోనే పడి ఉండేది. దాన్ని చూస్తే ఆకలేసేది.

ఒక సాయంత్రం ఉండబట్టలేక దాన్ని బైబిలు మధ్యలో పెట్టుకుంది. అత్తగారు అడిగిన భాగం ఎలాగూ కంఠతా వచ్చు. నోరు దాన్ని అప్పజెబుతూ ఉంటే కళ్ళు నవల మీద పరిగెత్తాయి. నాలుగు పేజీలు హాయిగా సాగింది. కంఠతా వచ్చింది అయిపోయిన సంగతి గమనించలేదు. కళ్ళ ముందున్న నవలే నోట్లోంచి ఊడిపడింది, అదీ బైబిలు చదివే భాషలో, ఆ రాగంలోనే: "ఆ పట్టణమందు సూదిపని చేసికొని బ్రదుకు ఒక విధవరాలు ఉండెను. ఆమెకు ఒక్కతే కుమార్తె."

"ఇదెక్కడిదే? నేనెప్పుడూ వినలా," అంది అత్తగారు.

టీచరమ్మకి బెత్తం పట్టుకుని ఎవరో వెనక నిలబడ్డట్టే అయింది. "వెనకవైపు చిన్నచిన్న పుస్తకాలుంటాయి అత్తయ్యా. చర్చిలో చదవరు," అంది.

"ఎందుకు చదువుతారు! తిప్పితిప్పి ఆ పది భాగాలే కదా వాళ్ళకి వచ్చింది. బద్ధకిష్టులు. నువ్వు చదువు."

అదండీ మొదలు. ఆవిడకి వాక్యమంటే దాని భావం కాదు, ఆ రాగం. 'ఉండెను' అంటే దేవుడి మాట, 'ఉంది' అంటే లోకం మాట. అంతే లెక్క. నవలలో కుట్టుమిషను తొక్కే ఒక తల్లి, తన మాట వినకుండా పెళ్ళి చేసుకున్న కూతురు. టీచరమ్మ ఒక్కో పేజీని ఉన్నపళంగా 'మరియు'లూ 'ఇట్లనెను'లూ తగిలించి చదివేసేది. కుట్టుమిషను సూదిపని అయింది, పోస్టుమాను దూత అయ్యాడు. రైలు రథమయింది. మర్నాడు అత్తగారు మందులు మింగుతూ, "ఆ రథం ఇవాళన్నా టైముకొస్తుందంటావా?" అని అడిగితే, టీచరమ్మ వంటింట్లోకి పరిగెత్తి, గుడ్డ నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక అంతలా ఎప్పుడూ నవ్వి ఎరగదు.

నవ్వుతో పాటు ఇంకోటి కూడా ఉంది, దాచడమెందుకు? తన పుస్తకాలని పొయ్యిలో పెట్టిన మనిషి నోరు తెరుచుకుని నవల వింటోంది. ఆ సంగతి తనకొక్కదానికే తెలుసు. ప్రార్థన చేసుకునేటప్పుడు ఆ సంతోషాన్ని దేవుడి ముందు పెట్టేది కాదు, పక్కన దాచిపెట్టుకునేది.

నవలలో తల్లి తలుపు గడియ వేసుకుంటే కూతురు వానలో అరుగు మీద కూర్చునే భాగం వచ్చింది. చదివి తలెత్తి చూస్తే అత్తగారి కళ్ళు కారుతున్నాయి. కొడుకు పోయినప్పుడు కూడా అంతగా కారలేదు.

"ఆ తల్లిది తప్పు," అంది ముసలావిడ.

టీచరమ్మ పేజీ తిప్పబోయి ఆగింది.

"దేవుడు దాన్ని ఏం చేస్తాడు? శిక్షిస్తాడా?"

"ఇంకా అక్కడిదాకా రాలేదు అత్తయ్యా."

ఆ తర్వాతి సాయంత్రం, రోగంతో పడ్డ తల్లి కూతురి కోసం కబురు పంపే చోటికి వచ్చారు. "నా కుమార్తెను నాయొద్దకు తోడుకొని రండని ఆమె చెప్పెను," అని చదివిందో లేదో, అత్తగారు చెయ్యెత్తింది.

"ఆపు. బుల్లి నంబరు నీ దగ్గరుంది కదూ? లేదని బొంకకు. నీ గుసగుసలు నాకు వినపడవనుకున్నావా? చెయ్యి ఫోను."

"అత్తయ్యా..."

"వాక్యంలో అంత స్పష్టంగా ఉన్నాక నేనెవర్ని కాదనడానికి?"

టీచరమ్మ నంబరు నొక్కి ఫోను ఆవిడ చెవికి ఆనించింది. అవతల బుల్లి "వదినా, చెప్పు" అంటోంది. ముసలావిడ గొంతు సర్దుకుని, "నేనే. రావే," అంది. అవతల్నించి చిన్నపిల్ల గొంతులా, "వస్తానమ్మా, ఆదివారం వస్తా," అని వినపడింది.

"మిగతాది బుల్లిని పక్కన కూర్చోబెట్టుకుని వింటా. అప్పటిదాకా చదవకు," అని హుకుం జారీ చేసింది అత్తగారు.

టీచరమ్మ ఆ వారమంతా నేల మీద నడవలేదు. తప్పు చేశానన్న బెంగ ఉంది, ఉన్నా దాని మీద సంతోషం ఎక్కి కూర్చుంది. చర్చిలో అన్నేళ్ళ ప్రసంగాలు చెయ్యలేనిది ఒక నవల చేసింది! ఇది దేవుడి పని కాకపోతే ఎవరి పని? బుల్లి వచ్చి వెళ్ళాక, నెమ్మదిగా, ఎప్పుడో నిజం చెప్పొచ్చు. చెప్పకపోయినా కొంపలేం మునగవు. అలా అనుకుని బుల్లికి మంచం వేసి, కొత్త దుప్పటి పరిచింది.

ఆదివారం ఆరాధన అయ్యాక చిన్న పాస్టరుగారు ప్రభు సంస్కారం సంచి పట్టుకుని వచ్చాడు. మంచం పట్టినవాళ్ళకి ఇంటికొచ్చి ఇచ్చే అలవాటు. ఈమధ్యే చదువు పూర్తిచేసుకుని వచ్చిన కుర్ర పాస్టరు, నెమ్మదస్తుడు, ఎవర్నీ నొప్పించే రకం కాదు. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చి ప్రార్థన చేశాడు. అత్తగారు ఆమెన్ అని, మూతి తుడుచుకుని, మొదలెట్టింది.

"మా అమ్మాయి వస్తోందయ్యా ఇవాళ. బస్సులో ఉంది. వాక్యానికి లోబడ్డా నేను. సూదిపని చేసుకునే ఆ విధవరాలు చెయ్యగా లేంది నేను చెయ్యలేనా?"

"ఏ విధవరాలు మామ్మగారూ?"

"అదేనయ్యా! కూతురు రథం దిగి వానలో కూర్చుంటే తలుపు తియ్యలేదే, ఆవిడ. మీరు చర్చిలో చదవరు గానీ మా టీచరమ్మ చదివింది."

పాస్టరు టీచరమ్మ వైపు చూశాడు. ఆవిడ ముఖం చూడగానే అతనికి ఏదో అర్థమైంది. పాపం, తెలివైనవాడే. "ఏదైనా సాక్ష్యాల పుస్తకంలోదేమోలెండి. వాక్యాన్ని ఆధారం చేసుకుని అలాంటివి రాస్తుంటారు. మంచిదేగా," అన్నాడు. టీచరమ్మ తప్పించుకోడానికి తలుపు బార్లా తీసి దారి చూపించినట్టే. ఆవిడ "అవునండీ" అంటే చాలు. ఒక్క మాట!

అనబోయింది కూడా. ఈలోగా ముసలావిడ అందుకుంది.

"సాక్ష్యాలూ గీక్ష్యాలూ కాదు. దేవుడి మాట తప్ప ఇంకో మాట ఈ చెవిలో పడనిచ్చిన మనిషిని కాను నేను. ఈవిడ పెళ్ళయి వచ్చేటప్పుడు పెట్టెడు నవలలు మోసుకొచ్చింది, తెలుసా మీకు? అన్నీ పొయ్యిలో పెట్టా. ఆ దరిద్రం అంతటితో వదిలింది. లేకపోతే ఈపాటికి ఇల్లు పాడైపోయేది. అడగండి, ఇవాళ ఆవిడే నాకు దణ్ణం పెట్టాలి." అని, కోడలి వైపు తిరిగి పకపకా నవ్వింది.

టీచరమ్మకి ఒళ్ళు మండింది. ఆ పెట్టెలోని ఒక్కో పుస్తకం అట్ట కళ్ళ ముందు తిరిగింది. బస్సులో ఉన్న బుల్లి గుర్తు రాలేదు. ఆ క్షణంలో రాలేదంతే, తర్వాత ఎంత తల బాదుకున్నా ఏం లాభం!

"అది నవల, అత్తయ్యా," అంది.

ఎంత తియ్యగా అందో! నిజం చెబుతున్న మనిషి గొంతులా లేదది.

"ఏంటి?"

"మీరు ఇన్నాళ్ళూ విన్నది నవల. లైబ్రరీ నవల. 'ఉండెను', 'చెప్పెను' నేను తగిలించా. మీరు ఏడ్చింది నవల విని."

పాస్టరు కళ్ళు మూసుకున్నాడు. అత్తగారు పైకప్పు వైపు చూసింది. కోపంతో ఊగిపోతుందనుకుంది టీచరమ్మ, ఎదురుచూసింది కూడా. ముసలావిడ మామూలుగా, పాలవాణ్ణి రేపు రావద్దని చెప్పినట్టు చెప్పింది.

"అయితే వాక్యం కాదన్నమాట. బుల్లికి ఫోన్ చెయ్యి. రావద్దను."

అప్పటికి గానీ టీచరమ్మకి తను ఏం చేసిందో తెలిసి రాలేదు. అత్తగారి కాళ్ళ దగ్గర కూలబడింది. "అత్తయ్యా, నన్ను తిట్టండి, కొట్టండి, నన్ను బయటికి గెంటండి. దాన్నేం అనకండి. అది బయల్దేరిపోయింది."

"దాన్నేమన్నాను? రావద్దన్నాను. దేవుడు పిలవమంటే పిలిచా. దేవుడు పిలవమనలేదటగా."

పాస్టరు గబగబా తన బైబిలు తీశాడు. తప్పిపోయిన కొడుకు కథ తీసి, చెమటలు కక్కుతూ, ఒక్క మాట కూడా మింగకుండా మొత్తం చదివాడు. తండ్రి పరిగెత్తుకెళ్ళి కొడుకుని కావలించుకునే చోటు మాత్రం రెండుసార్లు చదివాడు. "చూశారా మామ్మగారూ? ఇది వాక్యమే. అచ్చంగా ఇదే కదా మీరు విన్నది!"

"నాకు తెలీదా? పుట్టినప్పట్నుంచీ వింటున్నా," అంది అత్తగారు. "అది కొడుకు కదయ్యా."

పాస్టరు సంచి సర్దుకుని, గుమ్మంలో చెప్పులు వేసుకోబోతూ ఎదురుగా వస్తున్న మనిషిని చూసి పక్కకి తప్పుకున్నాడు.

వచ్చింది బుల్లి. టీచరమ్మ ముందే చెబుదామని ఫోన్ చేస్తే ఎత్తలేదు, బస్సు చప్పుడులో వినపడలేదట. జుట్టుకి రంగు వేయించుకుంది. ఈ వయసులో, తల్లికి తను ముసల్దానిలా కనపడకూడదని! చేతిలో పెద్ద సంచి, నాలుగు రోజులుండే మనిషి సంచి. నవ్వుతూ మెట్లెక్కి, వదిన ముఖం చూసి ఆగిపోయింది.

"పోయిందా?" అంది. ప్రాణం పోయిందేమోనని భయపడింది.

లోపల్నించి గొంతు వినపడింది. "ఎవరూ?"

బుల్లి ముఖం వెలిగిపోయింది. "నేనేనమ్మా!"

"నేనంటే ఎవరు? మా ఇంట్లో నేనూ మా కోడలూ తప్ప ఎవరూ లేరు. పొరపాటున కబురెళ్ళింది. వెళ్ళమను."

టీచరమ్మ గుమ్మంలోనే నిలబడి అన్నీ చెప్పింది. బైబిలు, నవల, పాస్టరు, పొయ్యి, తన నోటి దురద, ఏదీ దాచలేదు. బుల్లి సంచి కింద పెట్టకుండానే విన్నది.

"అంటే మా అమ్మ పిలిచింది నన్ను కాదన్నమాట," అంది.

"బుల్లీ, లోపలికి రా. నా ఇల్లు కూడా కదే ఇది. నేను రమ్మంటున్నా."

"నువ్వు ఎప్పుడూ రమ్మంటూనే ఉన్నావు వదినా." చేతి వెనకతో కళ్ళు తుడుచుకుంది, కాటుక చెంపంతా పాకింది. "పేరు కొట్టించినప్పుడు, పోన్లే, దేవుడికి భయపడి చేసిందిలే అనుకునేదాన్ని. అలా అనుకునే బతికా. ఇప్పుడు అసలు వాక్యం చదివి వినిపించినా నన్ను రానివ్వలేదని చెప్పి, నువ్వు అది కూడా లేకుండా చేశావు. ఒక్కసారి అబద్ధమాడలేకపోయావా? ఇన్నాళ్ళూ ఆడావుగా!"

 బుల్లి మెట్లు దిగి, సంచి ఇంకో చేతికి మార్చుకుని, స్టాండు వైపు నడిచింది. గేటు వేసి కూడా వెళ్ళింది.

దీపాలు పెట్టే వేళయింది. టీచరమ్మ వంటింట్లో గోడకి ఆనుకుని కూర్చుంది. ప్రార్థన చేద్దామనుకుంటే మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. లోపల్నించి మామూలుగానే పిలుపు వచ్చింది.

"టీచరమ్మా! చదవ్వా?"

వెళ్ళి బైబిలు తీసింది. రాజుల చావులు వెతుకుతోంది.

"అది కాదే. రెండోది."

"ఏది అత్తయ్యా?"

"అదే, నీ నవల. తల్లి కబురు పెట్టింది, అక్కడ ఆపాంగా. ఆ పిల్ల వచ్చిందా లేదా? చదివిన పాపం నీది, నేను వినడమేగా. ఆ ఉండెనులూ గిండెనులూ ఇంకెందుకు, మామూలుగా చదివెయ్."

టీచరమ్మ చదివింది. వద్దనడానికి కూడా ఒంట్లో శక్తి లేదు. కూతురు రైలు దిగి వచ్చింది. నడవలేని తల్లి గోడలు పట్టుకుని, కుట్టుమిషను పట్టుకుని, గుమ్మం దాకా వచ్చి తనే గడియ తీసింది. ఇద్దరూ కావలించుకుని గుమ్మంలోనే కూలబడి ఏడ్చారు. కథ అక్కడితో అయిపోయింది.

అత్తగారు వెక్కివెక్కి ఏడ్చింది. దుప్పటి అంచుతో ముక్కు చీదుకుంది. "ఎంత రాతిగుండె ఆ ముసల్దానిది! పాపం, ఆ పిల్లని ఎంత ఏడిపించిందే," అంది. ఏడుపు సద్దుమణిగాక ఆవిడ ముఖం హాయిగా, తేటగా అయింది. దిండు సర్దించుకుని కళ్ళు మూసుకుంది.

"రేపు వచ్చేటప్పుడు ఇంకోటి పట్రా. ఇలాంటిదే చూడు, తల్లీకూతుళ్ళది."